అదే చెయ్యి

మా వదిన పేరు వెంగ్ సూయున్. కొట్టులో కిటికీ పక్కన ఆమె కూర్చునే ఎత్తుపీట మీద ఒక పాత మెత్త ఉండేది. నీలం గుడ్డతో కుట్టినది. మాసిక మీద మాసిక పడి, అసలు గుడ్డ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

"వదినా, ఆ మెత్త చూసి జనం మనకి చందాలు వేసిపోతారు. అవతల పారెయ్యి," అని ఏడాదికి రెండుసార్లయినా అనేవాణ్ణి.

"పారేస్తాలే. నువ్వు గొప్పలు చెప్పుకోడం మానేసిన మర్నాడు పారేస్తా," అనేది.

గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు ఉన్నమాట నిజమే. అయినా నా గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు, మా నాన్న గురించే చెప్పేవాణ్ణి. ఫూజో నగరం పాత బస్తీలో మా లియెన్ వాళ్ళ ముద్రల కొట్టు మూడు తరాలది. కుడివైపు కిటికీ దగ్గర ముద్రరాళ్ళ మీద పేర్లు చెక్కే బల్ల, ఎడమవైపు గోడ వారగా కుంచెతో రాసే బల్ల. నేను రాస్తాను, వదిన చెక్కుతుంది. నాన్న ఉన్న రోజుల్లో రెండూ ఆయనే చేసేవారు. ఆయన అరవై దాటాక చెక్కిన ముద్రలంటే ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళు కూడా కళ్ళకద్దుకునేవాళ్ళు. అంతకుముందు ఆయన గీత పొందిగ్గా, ఒద్దికగా ఉండేది. అరవై దాటాక ఎక్కడలేని ప్రాణం వచ్చింది. వయసు మీదపడిన మనిషికి అంత పడుచు చెయ్యి ఎలా వచ్చిందని అందరూ ఆశ్చర్యపోయేవాళ్ళు. నేనైతే కొట్టుకి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అడిగినా అడక్కపోయినా, ఈ కథ చెప్పి టీ తాగించి పంపేవాణ్ణి.

వదిన మా ఇంటికి వచ్చింది 1958లో, పందొమ్మిదేళ్ళప్పుడు. నది దిగువన మల్లెతోటల ఊరు వాళ్ళది. వచ్చిన కొత్తలో ఆమె చేతులు మల్లెపూల వాసన వేసేవి. నెల తిరిగేసరికి రాతిపొడి వాసన వచ్చింది. మా అన్నయ్యకి ఈ పని అబ్బలేదు. రాయి చేతికిస్తే కాలి మీద వేసుకునేవాడు. బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేరి, అక్కడే హాయిగా బతికి, అక్కడే రిటైరై, తొంభై ఎనిమిదిలో పోయాడు. దాంతో నాన్నకి సాయంగా కోడలు కూర్చుంది. చెక్కడానికి కాదు, అరగదీయడానికి. మా పనిలో మంచి రాయి దొరకడం కష్టం. అందుకని పాత ముద్ర అక్కర్లేనివాళ్ళు దాని ముఖం అరగదీయించి, కొత్త పేరు చెక్కించుకుంటారు. గాజుపలక మీద గరుకు కాగితం పరిచి, నీళ్ళు చిలకరించి, రాయిని సమంగా ఆడించాలి. చూడ్డానికి ఇంతే, కానీ చెయ్యి ఒక పక్కకి ఒరిగిందంటే ముఖం వంకరపోతుంది.

ఆ పనికి నాన్న పెట్టిన నియమం ఒకటుంది. ఏ రాయైనా సరే, అరగదీసే ముందు ఇంగిలీకపు ఎర్రముద్దలో అద్ది, కాగితం మీద ఒక్క అచ్చు తీసి పెట్టాలి. పిల్లాడు ఆడుకునే రాయి తెచ్చినా అంతే. "మనిషిని పంపించేముందు ఒకసారి మొహం చూసుకోమూ?" అనేవారు. వదిన నలభై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నియమం తప్పలేదు.

తప్పింది నేను.

2004లో, కొత్త సంవత్సరం ఇంకా పదకొండు రోజులుందనగా జరిగిందిది. వాళ్ళ చెల్లెలి మనవడికి నెల నిండిన విందని వదిన మూడు రోజులు పుట్టింటి ఊరు వెళ్ళింది. కొట్టులో నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో మాకు ఊపిరి సలపదు. గుమ్మాలకి అంటించే ఎర్ర కాగితాల మీద శుభాకాంక్షలు రాయించుకోవడానికి సందు చివరిదాకా జనం నిలబడతారు. అప్పుడు వచ్చిందావిడ. గావో మాస్టారి భార్య, తాంగ్ యిన్‌లాన్. మాస్టారు పోయి అప్పటికి నాలుగు నెలలు.

సంచిలోంచి పట్టుగుడ్డ మూట తీసి, నా సిరాగిన్నెల మధ్య విప్పింది. రెండు ముద్రలు. ఒకే రాయిని నిలువునా కోసి చేసిన జంట. తేనెరంగు, పైన ఏ చెక్కడమూ లేదు. పక్కన చిన్న అక్షరాలతో నాన్న పేరు, 1964 శరత్తు అని ఉంది. చూడగానే నా ఛాతీ ఉబ్బింది.

"మా పెళ్ళికి మీ నాన్నగారు చెక్కిచ్చారు. ఒకటి ఆయనది, ఒకటి నాది," అంది.

"నాన్న చేతిలో అసలైన పదును ఆ రోజుల్లోదే అక్కగారూ! ఇలాంటిది ఇప్పుడు ఎవరూ చెక్కలేరు. మా వదిన చెక్కుతుంది, బాగానే చెక్కుతుంది, కానీ..."

"తెలుసు బాబూ, పోయినసారి కూడా చెప్పారు," అని నవ్వి, పని చెప్పింది. తన ముద్ర ఇక తనకి అక్కర్లేదు. అది అరగదీసి మనవరాలి పేరు చెక్కాలి. మాస్టారి ముద్రకి మాత్రం ఏమీ చెయ్యకూడదు. గీతల్లో ఎర్రముద్ద ఎండి గడ్డకట్టింది, అది తీసి శుభ్రం చేసిస్తే చాలు.

"ఆయన పోయేముందు కుంచెతో నాలుగు అక్షరాల పటాలు రాశారు. ముగ్గురు పిల్లలకి, నాకు. చెయ్యి బాగా లేక ముద్రలు తర్వాత వేస్తానన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు. నేను వేసి చూద్దామని పాత కాగితం మీద ప్రయత్నిస్తే, ఎర్రమచ్చ తప్ప పేరు పడలేదు. కొత్త సంవత్సరానికి పిల్లలు ముగ్గురూ వస్తున్నారు. ముద్ర లేకుండా చేతికిస్తే సగం మనిషిని ఇచ్చినట్టుంటుంది కదా?"

"అయిదో రోజు వచ్చి తీసుకెళ్ళండి," అన్నాను.

ఇంత స్పష్టంగా చెప్పింది. నేనూ విన్నాను. మర్నాడు పొద్దున్న, జనం రాకముందే ఆ పని ముగించేద్దామని కూర్చున్నాను. రెండు రాళ్ళూ కవలల్లా ఉన్నాయి. ఒకదాని ముఖం మట్టి పట్టినట్టు నల్లెరుపుగా పూడిపోయి ఉంది. రెండోది కడిగిన గిన్నెలా ఉంది. ఆవిడ చెప్పింది హడావిడిలో తారుమారై, అక్కర్లేదని పారేసేదే మురికిగా ఉంటుందని నా బుర్రకి తోచింది. ముద్ద గీకి, అచ్చు తీసి, పేరు చదివి ఉంటే అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం కూడా వృథా ఎందుకనుకున్నాను. గాజుపలక మీద నీళ్ళు పోసి రుద్దేశాను. ముఖం అద్దంలా వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

తర్వాత శుభ్రం చేద్దామని సూది తీసుకుని రెండో రాయి వెలుగులోకి పట్టుకున్నాను. అందులో తియ్యడానికి ఏమీ లేదు. అప్పుడు పేరు చదివాను. తాంగ్ యిన్‌లాన్.

మాస్టారి పేరు ఎక్కడుందీ అంటే, గాజుపలక మీద పాలనీళ్ళలో ఉంది.

ఆ రోజు ఎన్ని గుమ్మాలకి ఏమేం రాశానో నాకు తెలియదు. ఒకాయనకి గుమ్మం కుడిపక్క కాగితం రెండుసార్లు రాసి ఇచ్చానట, ఎడమది లేకుండా. ఆలోచిస్తున్న కొద్దీ దారులన్నీ మూసుకుపోయాయి. మాస్టారి పాత పటాల మీద ముద్రలు ఉంటాయి, కానీ అవి ఆవిడ ఇంట్లో ఉన్నాయి. అడగాలంటే విషయం చెప్పాలి. మా నాన్న అచ్చుల పుస్తకాలున్నాయా అంటే, ఇళ్ళలో పాతవన్నీ లాక్కుని తగలబెడుతున్న అరవై ఆరులో, ఎవరో వచ్చి అడగకముందే ఆయనే చేతులారా పొయ్యిలో పెట్టారు. ఒకవేళ అచ్చు దొరికినా మళ్ళీ చెక్కేదెవరు? నాన్న లేరు. చనిపోయిన ఇద్దరు మనుషుల్ని ఒకేసారి అరగదీశాననిపించింది. ఏడుపొచ్చింది, ఏడిచాను. అరవయ్యేళ్ళవాణ్ణి, ఎర్ర కాగితం తడిసిపోతుందని పక్కకి తిరిగి ఏడిచాను.

మూడో రోజు మధ్యాహ్నం వదిన దిగింది. చేతిలో ఎర్రరంగు వేసిన గుడ్ల బుట్ట.

"ఇదిగో, విందు గుడ్లు. పిల్లాడు అచ్చం మా నాన్న పోలికే, పుట్టగానే విసుక్కుంటున్నాడు..." అంటూ నా మొహం చూసి ఆగింది. "ఏంటయ్యా? ఎవరు పోయారు?"

"గావో మాస్టారు," అన్నాను.

"ఆయన పోయి నాలుగు నెల్లయింది. బుర్రగానీ పోయిందా నీకు?"

మొత్తం చెప్పాను. ఆమె బుట్ట కింద పెట్టకుండా నిలబడే వింది.

"అచ్చు తీశావా?"

"లేదు."

"ఒక్కటీ?"

"లేదంటున్నాగా వదినా! తిట్టు. నాలుగు కొట్టినా పడతాను."

"కొడితే నా చెయ్యే నొప్పి పుడుతుంది," అంది. బుట్ట బల్ల మీద పెట్టింది. "గావో మాస్టారిది. అరవై నాలుగు శరత్తు. జంట ముద్రలు, తేనెరాయి. అంతేనా?"

"నీకెలా గుర్తు?"

ఆమె పీట మీదున్న మెత్త తీసుకుని, కత్తెరతో ఒక పక్క కుట్లు విప్పింది. లోపల దూది మధ్యలో నూనెగుడ్డలో చుట్టిన ఒక స్కూలు నోటుపుస్తకం ఉంది. అట్ట పసుపురంగుకి తిరిగింది. దాదాపు నలభై ఏళ్ళు ఆమె దాని మీదే కూర్చుంది.

పేజీకి రెండేసి అచ్చులు. ఎర్రముద్ద ఇంకా నిన్న అద్దినంత తాజాగా ఉంది. ప్రతి దాని కింద పెన్సిల్‌తో తేదీ, మనిషి పేరు. గుండ్రటి, చదువు తక్కువ అక్షరాలు. వదినవే. పదిహేనో పేజీలో గావో మాస్టారిదీ, ఆయన భార్యదీ పక్కపక్కన ఉన్నాయి.

ప్రాణం లేచొచ్చింది. "వదినా! నువ్వు దేవతవి! నాన్న పుస్తకం దాచావా?" అని కేకేశాను.

"మీ నాన్నది కాదు," అంది.

నేను పేజీలు తిరగేస్తున్నాను. మందుల దుకాణం షావుకారు ముద్ర. నాన్న పనులన్నిట్లోకీ గొప్పదని నేను అందరికీ చెప్పేది. ఓడరేవు డాక్టరుగారి ముద్ర. మా సందులో వయొలిన్ నేర్పే ముసలాయనది. నాన్న చివరి పదేళ్ళలో చేసినవన్నీ, ఒకటి తర్వాత ఒకటి. నూట ముప్పై ఏడు. అంతకుముందువి ఒక్కటీ లేవు.

"మీ నాన్నకి పందొమ్మిది వందల అరవై ఒకటిలో చెయ్యి వణకడం మొదలైంది," అంది వదిన, విప్పిన మెత్తని ఒళ్ళో పెట్టుకుని. "కుంచె పట్టుకుంటే సర్దుకునేది. ఉలి పట్టుకుంటే సర్దుకునేది కాదు. ఒకరోజు ఒక రాయి పాడైపోయింది. ఆయన ఉలి నా ముందు పెట్టారు. 'అరగదీయడం వచ్చినదానికి రాయి లోపల ఏముందో తెలుస్తుంది, పట్టు' అన్నారు. ఆయన వెనక నిలబడి చెప్పేవారు, నేను చెక్కేదాన్ని. తప్పు గీత రాబోతుందనగా దగ్గేవారు. మాటా పలుకూ ఉండేది కాదు, దగ్గు ఒక్కటే. మొదటి ఏడాది ఆ దగ్గుకి హడలి చచ్చేదాన్ని."

లోపలి గదికి నాన్న వేయించిన తెర గుర్తొచ్చింది. ఏకాగ్రత కోసమని అందరినీ తోలేసేవారు. అరగదీసే కోడలు మాత్రం లోపల ఉండేది. నేను అప్పుడు పక్క ఊళ్ళో టీచరు ట్రైనింగులో, తర్వాత అక్కడే ఉద్యోగంలో ఉన్నాను. నెలకోసారి వచ్చి తెర బయటే నిలబడి గర్వపడేవాణ్ణి.

"పక్కన చెక్కిన ఆయన పేరు?"

"అదీ నేనే. ఇరవై మూడేళ్ళ కోడలిపిల్ల చెక్కిందంటే ఎవరు తీసుకుంటారు? కొట్టు మూసుకోవాల్సొచ్చేది. మీ అన్నయ్యకి తెలుసు. నిద్రలో కూడా నోరు జారలేదు, మంచాయన."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలి కదా, సంతోషం కన్నా ముందు వచ్చింది అదే. ఉద్యోగం మాని కొట్టుకొచ్చాక ఇరవై ఏళ్ళు ఆమె ఎదురుగానే కూర్చుని, ఆమె పనినే చూపించి, "నీకు ఇంత రాదు" అని ఆమెతోనే అన్నాను. ప్రతిసారీ "అవునులే" అని ఊరుకుంది. లేచి బయటికి నడిచాను. వీధి చివర చేపముద్దల సూపు తాగాను, రుచే తెలియలేదు. రెండో గిన్నె కూడా తాగాను. అప్పటికి కోపం కాస్త చల్లబడింది.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడే అడిగాను. "ఇన్నేళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టావు. ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్న పోయేముందు చిన్నాడికి చెప్పమన్నారు. చెబుదామనే అనుకున్నా. నువ్వేమో రోజూ ఆయన గురించి అంత ఇదిగా చెబుతుంటివి. నీ మొహం చూస్తే జాలేసేది." పెదవి చివర నవ్వుతూ అంది, "అదీకాక, వినడానికి బాగుండేది. మనం చేసినదాన్ని రోజూ ఎవరో పొగుడుతుంటే ఎవరికి చేదు?"

నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. రెండు రోజుల తర్వాత ఆ పూట నాకు అన్నం సహించింది. ఎర్రగుడ్లు రెండు తిన్నాను.

మర్నాడు పొద్దున్నే, వెలుగు బల్ల మీదికి రాగానే వదిన కూర్చుంది. అచ్చు చూసి రాయి మీద తిరగేసి గీసుకుంది, ఉలి పట్టింది. గంటన్నరలో అయిపోయింది. అచ్చు తీసి పాతదాని పక్కన పెట్టింది. నాకైతే రెండూ ఒకటే.

"ఇది కాదు," అంది.

"ఎందుకు కాదు? కాస్త ఎక్కువ నాణ్యంగానే ఉంది."

"అదే చెబుతున్నా. చెయ్యి బాగా తిరిగిపోయింది. అరవై అయిదేళ్ళ చెయ్యి ఇది, దీనికి బెదురు లేదు. ఇదిగో ఈ గీత చూడు, పాతదాంట్లో. ఇక్కడ ఆగాను. ఆగి, ఊపిరి బిగబట్టి వెళ్ళాను. అది మాస్టారు రోజూ చూసిన గీత. ఆవిడా చూసిన గీతే."

రాయిని గాజుపలక మీద పెట్టి అరగదీసేసింది. ఈసారి అచ్చు తీసి పెట్టిన తర్వాతే. నాకు మళ్ళీ గుబులు పట్టుకుంది. రేపే ఆవిడ వచ్చేది. రాయి అరిగినకొద్దీ పొట్టిదవుతోంది.

ఉలి పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే, "ఇటొచ్చి నా వెనక నిలబడు," అంది.

"ఎందుకు?"

"మీ నాన్నలా దగ్గు."

"పిచ్చా ఏంటి వదినా?"

"పనికొచ్చేది ఒక్కటి చెయ్యి ఈ వారంలో!"

నిలబడ్డాను. ఆమె భుజం మీదుగా చూస్తూ దగ్గాను.

"అలా కాదు, జలుబు చేసినవాడిలా దగ్గితే ఎలా? కోపంగా, గొంతులోనే."

నాన్న దగ్గు నాకు తెలియకపోవడమేం? చిన్నప్పుడు నేను కుంచె వంకరగా పట్టినప్పుడల్లా విన్నదే. గొంతు సవరించుకుని దగ్గాను. వదిన భుజాలు చటుక్కున బిగుసుకున్నాయి. ఉలి ఒక్క క్షణం ఆగింది, ఆమె ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది, తర్వాత గీత కదిలింది. నాలుగు గీతలకోసారి దగ్గుతూ నిలబడ్డాను. కాళ్ళు లాగేశాయి. బయట ఎర్ర కాగితాల కోసం వచ్చినవాళ్ళు "డాక్టరు దగ్గరికి వెళ్ళరాదూ" అని కేకలేశారు.

అచ్చు తీసింది. చూసుకుంది. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

"ఇది నేనే," అంది.

పని గట్టెక్కింది. ఇక మిగిలింది చెప్పడం. నాకు చెప్పాలని లేదు. గీత గీత కలిసింది, ఆవిడకి తెలిసే దారి లేదు, ఎందుకు కెలకడం అన్నాను.

"చెప్పాలి. ఆవిడ ఆయన పేరు చివరిసారి వెయ్యబోతోంది. చేతిలో ఏముందో తెలిసి వెయ్యాలి," అంది వదిన.

"పదేళ్ళు నాన్న పేరు చెక్కి, నలభై ఏళ్ళు దాచినదానివి, నువ్వా నాకు నిజాలు చెప్పేది?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె నొచ్చుకోలేదు. "అందుకే చెబుతున్నా. అది ఎంత బరువో నాకు తెలుసు, నీకు తెలియదు," అంది.

అయిదో రోజు పొద్దున్న తాంగ్ యిన్‌లాన్ వచ్చింది. సంచిలో నాలుగు పటాలూ చుట్టి తెచ్చుకుంది. ఇక్కడే వేయించుకుని పోదామని. నేను టీ పోశాను. గిన్నె నిండిపోయి టీ బల్ల మీద ఒలికింది. ఒలికిన టీ తుడుస్తూనే చెప్పేశాను, తల ఎత్తకుండా. మీ ముద్ర అనుకుని మాస్టారి ముద్ర అరగదీశాను. అచ్చు తీసి చూసుకోలేదు. తప్పంతా నాదే.

ఆవిడ కళ్ళు రెండు రాళ్ళ మీద నిలిచాయి. నేను వీధిలో సైకిళ్ళ గంటలు లెక్కపెట్టాను, ఏడు.

"ఇదేంటి మరి?" అంది చివరికి.

"వదిన మళ్ళీ చెక్కింది," అన్నాను. "నాన్న చెక్కినదాన్ని చూసి కాదు. మొదట కూడా... మొదట చెక్కింది కూడా మా వదినే. పక్కన నాన్న పేరు ఉంది కానీ చెయ్యి ఆమెది. నాకూ మొన్నే తెలిసింది."

వదిన నోటుపుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టింది. "అరవై నాలుగులో ఇలా ఉండేదమ్మా. ఇవాళ ఇలా ఉంది."

ఆవిడ సంచిలోంచి ఒక పాత ఉత్తరం తీసింది. మాస్టారు ఎప్పుడో రాసినది, కింద ముద్ర ఉంది. ఉత్తరాన్ని కొత్త అచ్చు పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇక్కడ తేడా ఉంది," అంది.

నేను ముందుకి వంగి చూశాను.

"ఈ మూల. ఆయన ముద్రకి ఈ మూల చిట్లి ఉండేది. డెబ్భై ఒకటిలో దాంతో ఆలివ్ గింజ పగలగొట్టారు. పెళ్ళి ముద్ర! దాంతో గింజ పగలగొడతారా ఎవరైనా? రెండు రోజులు మాట్లాడలేదు నేను." ఆవిడ వేలితో ఆ మూల తడిమింది. "ఇది చిట్లకముందుది. పెళ్ళి రోజుది."

"చిట్లించమంటే చిట్లిస్తాను," అంది వదిన మెల్లగా. "అది మాస్టారి పని, నాది కాదని వదిలేశా."

"వద్దు. వద్దమ్మా." ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది. "చివరి నెలల్లో ఆయన్ని చూసి చూసి, పెళ్ళినాటి మనిషి నాకు గుర్తుకే రావడం మానేశాడు. ఇలాగే ఉండనివ్వండి."

రెండు ముద్రల్నీ తీసుకుని పక్కపక్కన నిలబెట్టింది. మాస్టారిది వెంట్రుకవాసి కాదు, కాస్త ఎక్కువే పొట్టిగా ఉంది.

"రెండుసార్లు అరగదీయాల్సొచ్చింది," అన్నాను నేను, మళ్ళీ తప్పు చేసినవాడిలా.

"ఫరవాలేదు. ఆయన నాకంటే పొట్టే," అంది.

అప్పుడు నాకు ఊపిరి ఆడింది. ఇంటికి అతిథి వచ్చినట్టు ఏమీ తోచక టీ మీద టీ పోశాను. తన ముద్రని అరగదీయడానికి ఆవిడ ఇక ఒప్పుకోలేదు. జంట విడదీయనంది. మనవరాలికి రాయి కావాలి కదా. లోపలికెళ్ళి, పదిహేనేళ్ళుగా నా కోసం నేను దాచుకున్న మల్లెరంగు రాయి తెచ్చి బల్ల మీద పెట్టాను. వదిన కనుబొమలెగరేసింది. ఆ రాయిని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు ఆమెని కూడా.

నాలుగు పటాలూ బల్ల మీద పరిచాం. ముద్ర ఆవిడే వేసింది. ఎర్రముద్దలో అద్ది, కాగితం మీద ఆనించి, అరచేత్తో నెమ్మదిగా నొక్కి, ఎత్తింది. ఒక్కోసారి ఎత్తినప్పుడల్లా గావో మాస్టారు పేరు తెల్లటి గీతలతో తళతళలాడుతూ బయటికొచ్చింది. నాలుగోది ఆవిడది. దాని మీద ఆయన ముద్ర పక్కన తన ముద్ర కూడా వేసుకుంది.

వెళ్ళబోతూ మాస్టారి ముద్రని వెనక్కి ఇచ్చింది.

"ఇంకో పని మిగిలింది. ఇక్కడ పక్కన మీ మామగారి పేరు కింద ఖాళీ ఉంది. మీ పేరు వెయ్యండి."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అంది వదిన.

"నాకు అబద్ధం చెప్పలేదు మీరు. నా పిల్లలకి నన్ను చెప్పమంటారా?"

వదిన నా వైపు చూసింది. నలభై ఆరేళ్ళలో ఆమె నా అనుమతి దేనికీ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. నేను ఒప్పుకుంటానో లేదో చూసిందంతే. పీట దగ్గరికి లాగాను. కుట్లు విప్పిన మెత్తని దులిపి దాని మీద వేశాను.

కూర్చుంది. రాయిని పక్కకి పడుకోబెట్టి, నాన్న పేరు కింద చిన్న చిన్న అక్షరాలు పొడవసాగింది. ముందుగా ఏమీ గీసుకోలేదు. "నలభై ఏళ్ళ తర్వాత అదే చెయ్యి" అని చెక్కింది. తర్వాత తన ఇంటిపేరు. వెంగ్.

నేను ఎప్పుడు వెళ్ళి ఆమె వెనక నిలబడ్డానో నాకే తెలియదు. దగ్గాను.

"ఇంక దగ్గక్కర్లేదులే," అంది వదిన, తలెత్తకుండా, మిగిలిన రెండక్షరాలు చెక్కుతూ.